ఏకాదశినాటి గోలి

నాకు మొండితనం ఎక్కువ. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ మొండితనంతోనే మా అవ్వను, అంటే మా అమ్మను, దవాఖానకు తీసుకుపోయాను. మంచి పనే చేశాను. దాని వెనకాలే ఒక తప్పు కూడా చేశాను.

ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో పత్తిలోని చెత్త ఏరే ఆడవాళ్లలో అవ్వది వేగమైన చేయి. అలాంటి మనిషి గంప ముందు కూర్చుని కునుకు తీయసాగింది. ముఖం ఉబ్బింది, జుట్టు రాలింది. నడి వేసవిలో, పెంకులు మాడిపోతున్న ఇంట్లో గొంగడి కప్పుకుని పడుకునేది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఆమె గొంతు. అవ్వ విఠోబా భక్తురాలు. పెళ్లయిన కొత్తలో పండరిపురం పోయి తులసిమాల వేసుకుంది. ఆ మాల వేసుకున్నవాళ్లు మాంసం ముట్టరు. ఏకాదశి భజనలో ఆమె మరాఠీ అభంగం ఎత్తుకుంటే వాడంతా వినేది. ఇప్పుడా గొంతు బొంగురుపోయింది. సిగ్గుపడి భజనకు పోవడమే మానుకుంది.

"ఒళ్లు బరువెక్కింది. తల్లిగారింటికి తోలుర్రి, తెలివికొస్తది," అనేది మా నాన్న తల్లి, బాపమ్మ. బాపు తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. ఆయన అలా తప్పుకోవడమే నా ఒళ్లు మండించేది.

బడి తెరిచిన మొదటి వారంలోనే గ్రంథుల పాఠం వచ్చింది. సారు నల్లబల్ల మీద మనిషి బొమ్మ గీసి, గొంతు దగ్గర గీత పెట్టి, ఇది అవటు గ్రంథి అన్నాడు. అందులో ఊరే కాస్త రసం నెత్తురులో కలిసి ఒంటి వేడినీ, గుండె వేగాన్నీ అదుపులో ఉంచుతుందట. అది తగ్గితే మనిషికి చలేస్తుంది, ముఖం ఉబ్బుతుంది, గొంతు మారుతుంది, పని మందగిస్తుంది. నేను రాసుకోవడం ఆపేశాను. సారు మా అవ్వ గురించే చెబుతున్నాడు.

మరునాడు బడి ఎగ్గొట్టి అవ్వను లేపాను. "నాకేం రోగం లేదు బిడ్డా, ఉట్టిగ నిద్రొస్తున్నది గంతే," అంది. నేను ఆమె చేయి వదల్లేదు.

డాక్టరమ్మ అవ్వను కుర్చీ మీద మోకాళ్లు ఆనించి నిలబెట్టి, మడమ పైన చిన్న సుత్తితో తట్టింది. పాదం కదిలింది గాని, వెనక్కి రావడానికి ఎంతో సేపు తీసుకుంది. "ఇది బద్ధకం కాదు. గొంతులో గ్రంథి పనిచేయడం లేదు. రోజూ ఒక గోలి వేసుకోవాలి, బతికినంత కాలం," అంది. ఆ మాట బాపమ్మకు వినిపించి ఉంటే ఎంత బాగుండేదో.

అవ్వ బయటికి నడిచాక నేను ఆగి అడిగాను. "మేడమ్, గా రసం గోలీలోకి ఎట్ల వస్తది?"

"జంతువుల గ్రంథిని ఎండబెట్టి పొడి చేస్తారు." ఆ రోజుల్లో ఆ మందు అలాగే తయారయ్యేది.

అవ్వకు చెప్పలేదు. చెబితే మింగదు. రోజూ పొద్దున్నే గోలి, నీళ్లు నేనే చేతికిచ్చాను. కొన్నాళ్లకు గొంగడి మడత పడింది. మిల్లులో మళ్లీ చేయి ఆడింది. ఒకరోజు అంట్లు తోముతూ కూనిరాగం తీస్తుంటే విని, పెరట్లోకి పోయి ఏడ్చాను.

తొలి ఏకాదశి వచ్చింది. ఆ రోజు గింజలు తినరు. తలస్నానం చేసి, భజనకు పోతానని ఉత్సాహంగా ఉన్న అవ్వ, గోలి అరచేతిలో పెట్టుకుని అడిగింది. "ఇయ్యాల ఒక్కపొద్దు గదా. ఇందుల గింజ ఏమన్న కలుస్తదా?"

"గింజ లేదవ్వా." అది నిజమే. కాని ఆమె మాల వైపు చూడలేకపోయాను. నోరు ఆగలేదు. అంతా చెప్పేశాను.

అవ్వ తిట్టలేదు. గోలిని తిరిగి సీసాలో వేసింది. "నన్ను అడగక నా నోట్లె ఏసినవు," అంది. భజనకు పోలేదు.

నేను వదల్లేదు. రోజూ పొద్దున్నే గోలి, నీళ్లు ఆమె పక్కన పెట్టాను. సాయంత్రం అవి అక్కడే ఉండేవి. దసరా నాటికి గొంగడి మళ్లీ దిగింది. గొంతు మళ్లీ బొంగురుపోయింది. బాపమ్మ ఈసారి తల్లిగారింటికి తోలేందుకు ఆమె చీరల మూట కూడా కట్టించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మొదటి రోజే చెప్పి, కాళ్లు పట్టుకుని బతిమాలి ఉండాల్సింది.

కార్తీక ఏకాదశికి ముందు ఒక పొద్దున, గోలి పెట్టబోతుంటే అవ్వ నా మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా ఉంది.

"నువ్వు పెట్టకు. సీస నాకియ్యి."

"పారేస్తవా?"

"పారెయ్య. నువ్వు చెప్పక ఇస్తివి, గా పాపం నీ మీద పడ్డది. తెలిసి నేను ఏసుకుంటే నా మీదికొస్తది. విఠోబాకు నేను చెప్పుకుంట. నువ్వు సదువుకో."

మాల కళ్లకద్దుకుని, గోలి తనే వేసుకుని నీళ్లు తాగింది. మూట విప్పి చీరలు తిరిగి తాడు మీద వేసింది. కొన్నాళ్లకు గొంతు తిరిగొచ్చింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, చేతులు వణికే ముసలితనంలో కూడా, ఆ గోలిని ఒక్కనాడూ నా చేతి నుంచి తీసుకోలేదు.