సత్తియ్య ఎర్రదారం

ఎల్లారావు ఏ కారు ఎక్కినా ముందు చెప్పులు విడుస్తాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో ఉన్న అతని షెడ్డుకి కొత్తగా వచ్చినవాళ్ళు అది భక్తి అనుకుంటారు. ఒకాయనైతే ఆ మర్యాదకి మురిసిపోయి తానూ బూట్లు విప్పేశాడు. భక్తీ లేదు, మర్యాదా లేదు. అందరు మెకానిక్కులూ బండి జబ్బుని చెవితో వింటారు, ఎల్లారావు అరికాళ్ళతో కనిపెడతాడు.

ఆ విద్య రాజయ్యపేటలో అబ్బింది. తండ్రి ఎర్రయ్య ఇంజను పడవ మీద వేటకి వెళ్ళేవాడు. పడవలో ఉత్త కాళ్ళతో నిలబడి, ఇంజనుకి ఏ పక్క బోల్టు వదులైందో నడిసముద్రంలో చెప్పేసేవాడు. కొడుక్కి తండ్రి కాళ్ళు వచ్చాయి గాని తండ్రి కడుపు రాలేదు. కెరటం ఎక్కితే చాలు, తిన్నదంతా కక్కేవాడు. సముద్రం పడనివాడికి పిల్లనెవరిస్తారని ఊళ్ళో వేళాకోళాలు ముదిరాక, ఇరవయ్యో ఏట అనకాపల్లి వచ్చి సత్తియ్య షెడ్డులో చేరాడు.

సత్తియ్యకి కోపం ముక్కు మీదుండేది. పాఠం చెప్పడం ఆయనకి చేతకాదు, తిట్టడం బాగా వచ్చు. ఏ తప్పుకి ఏ తిట్టు తిట్టాడో గుర్తు పెట్టుకుంటే అదే చదువు. బెల్లం దిమ్మలెత్తుకున్న లారీలు సందు మొదలు దాకా వరస కట్టి ఉండేవి. బెల్లం వాసన, గ్రీజు వాసన కలిసి చొక్కాకి పట్టేసేవి. ఇప్పుడు లారీలు తగ్గాయి, చొక్కాకి ఒక్క గ్రీజు వాసనే మిగిలింది. ఎల్లారావుకి ఆ రోజులంటే ఎంత బెంగో, ఆ తిట్లంటే అంతకంటే బెంగ.

సత్తియ్యకి ఒక పద్ధతి ఉండేది. అసలు సామాను విశాఖ నుంచి వచ్చేలోగా బండి ఆగిపోకుండా, లారీ టైరు ముక్కో, చెరకు క్రషరు బెల్టు ముక్కో కోసి బిగించేవాడు. అలా పెట్టిన ప్రతి ముక్కకీ నూకాలమ్మ గుడి ముందు అమ్మే ఎర్రదారం కట్టేవాడు. ఇది తాత్కాలికం, మార్చాల్సి ఉంది అని తరవాత విప్పేవాడికి గుర్తు. అసలు సామాను వేశాక ఆ ముడి విప్పాలి. కత్తిరించకూడదు, కట్టినవాడే విప్పాలి.

"మనం కట్టింది మనవే ఇప్పాల్రా. ఎదటోడికి వదిలీకూడదు" అనేవాడు.

ఆయన పోయి పన్నెండేళ్ళయింది. షెడ్డు ఎల్లారావుది అయింది గాని, బోర్డు మీద ఇంకా సత్తియ్య పేరే ఉంది.

మొన్న గురువారం సాయంత్రం దేవీప్రసాద్ మేష్టారు తన తెల్ల కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. నక్కపల్లి హైస్కూల్లో లెక్కలు చెబుతాడాయన. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. క్లచ్చి తొక్కే పని లేదని ఎన్నడో ఈ ఆటోమేటిక్ బండి కొనుక్కున్నాడు. రోజూ హైవే మీద తనే నడుపుకుంటూ వెళ్ళొస్తాడు. కారు ఎంత పాతదంటే, బళ్ళో పిల్లలు దాని హారను విని హోంవర్కు పుస్తకాలు బయటికి తీస్తారు.

"వణుకుతోంది ఎల్లారావూ. టోలుగేటు దగ్గర ఆగితే చాలు, స్టీరింగు, సీటు, నా పళ్ళు, అన్నీ వణుకుతున్నాయి."

"ఎన్నాళ్ళ బట్టి మేష్టారూ?"

"రెండు నెలలు. విశాఖలో చూపించేను. గేరుబాక్సు పోయింది, తుక్కుకి ఇచ్చీడమే నయమన్నారు. ఆదివారం ఒకాయన వచ్చి పట్టుకెళ్తాడు. ఆఖరిసారి నీకో మాట చెబుదామని వచ్చేను."

"మరి నక్కపల్లికి ఎలాగెల్తారు?"

"బస్సు మెట్టు నాకు అందే ఎత్తు కాదు కదా. హాసిని దింపుతానంటోంది. కూతురే అనుకో, దాని ఉద్యోగం దానికుంది. ఇంక ఎవరో ఒకరు వచ్చేదాకా గుమ్మంలో కూర్చోవడమే."

ఎల్లారావు తాళంచెవి పుచ్చుకున్నాడు. చెప్పులు విడిచి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

ముందు హైవే ఎక్కించి అరవైలో, ఎనభైలో పోనిచ్చాడు. పాదాల కింద నున్నగా ఉంది. అంటే టైర్లు కాదు, చక్రాలు కాదు. షెడ్డుకి తిరిగొచ్చి, బ్రేకు నొక్కి ఉంచి గేరు న్యూట్రల్లో పెట్టాడు. బండి బుద్ధిమంతుడిలా నిలబడింది. డ్రైవులో పెట్టాడు. కుడి పాదం కింద జలజలమని వణుకు మొదలైంది. రివర్సులో పెడితే అదే వణుకు మడమ వైపు జరిగింది. ఏసీ వేస్తే ఇంకా పెరిగింది.

"గేరుబాక్సు కాదు మేష్టారూ. అది పోతే పరిగెట్టినప్పుడు ఏడవాల. ఇది పరిగెట్టినప్పుడు బానే ఉంది, పట్టి ఆపితేనే ఏడుత్తంది. ఇంజను కింద రబ్బరు మౌంటుంటాది, ఇంజనుకి పీటలాటిది. అదే పోయుంటాది."

మాట నిజమో కాదో చూడ్డానికి మేష్టారిని సీట్లో కూర్చోబెట్టి, బానెట్ ఎత్తి, పక్కకి నిలబడి గేరు మార్పించాడు. డ్రైవు అంటే ఇంజను ఒక పక్కకి లేచింది, రివర్సు అంటే ధబ్బున కూలబడింది. ఎల్లారావుకి భలే సంతోషం కలిగింది. విశాఖలో కంప్యూటరు పెట్టి చూసినవాళ్ళకి దొరకనిది తన పాదాలకి దొరికిందని లోపల్లోపల మీసం దువ్వుకున్నాడు. ఆ మురిపెం పావుగంట కూడా నిలవలేదు.

జాకీ వేసి, ఇంజనుకి దన్ను పెట్టి, కిందికి దూరి బోల్టులు విప్పాడు. చేతిలోకి వచ్చింది కంపెనీ రబ్బరు కాదు. పొరలు పొరలుగా గుడ్డ ఉన్న క్రషరు బెల్టు ముక్క. ఎండి బీటలు వారి, ఒక మూల చిట్లిపోయింది. అంచులు ఏటవాలుగా కోసి ఉన్నాయి. ఆ కోత అతనికి తెలుసు. బోల్టు పక్కన నల్లటి పోగేదో చుట్టుకుని ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. ఎరుపు తేలింది.

అప్పుడంతా గుర్తొచ్చింది. ఈ ముక్క బిగించింది నూకాలమ్మ జాతర రోజు, ఉగాది ముందటి కొత్త అమావాస్య నాడు. విశాఖలో మౌంటు లేదు, వారం పడుతుందన్నారు. సత్తియ్యే స్వయంగా బెల్టు కోసి, బిగించి, దారం కట్టాడు. "వారంలో నువ్వే ఎల్లి తే. మర్సిపోయేవంటే సెంప పగుల్తాది" అన్నాడు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ స్టూలు మీంచి ఒరిగిపోయాడు. పదకొండు రోజులు షెడ్డు మూసేశారు. మళ్ళీ తెరిచాక ఎల్లారావుకి ఆ మౌంటు సంగతి మనసులోకే రాలేదు.

కారు కింద వెల్లకిలా పడుకుని ఆ ముక్కని పట్టుకుని ఉండిపోయాడు. సన్నటి దారం, నలిపి జేబులో వేసుకుంటే అడిగేవాడు లేడు. రబ్బరు అరిగిపోయిందంటే అబద్ధం కూడా కాదు. మేష్టారు తన చేతిని నమ్మి ఇన్నేళ్ళు ఆ హైవే మీద తిరిగాడు. ఇప్పుడు నిజం చెబితే ఇంకెప్పుడైనా నమ్ముతాడా?

"ఏటయింది ఎల్లారావూ?" పైనుంచి మేష్టారు అడిగాడు.

బయటికొచ్చి ముక్కని ఆయన చేతిలో పెట్టాడు. "తప్పు నాది మేష్టారూ. గురువు గారు వారానికని పెట్టేరు. మార్సమని నాకు సెప్పేరు. నేను మర్సిపోయేను. పన్నెండేళ్ళు మిమ్మల్ని దీని మీదే తిప్పేను."

మేష్టారు ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను మర్చిపోలేదు" అన్నాడు. "చెప్పిన రోజుకి వచ్చేను. షెడ్డు మూసుంది. నువ్వు గుమ్మంలో సత్తియ్య స్టూలు మీద కూర్చుని ఏడుస్తన్నావు. ఆ సమయంలో రబ్బరు సంగతేం అడుగుతాను? వెళ్ళిపోయేను. బండి బాగానే నడుస్తోంది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను." దారం మీద వేలు పెట్టి, "అంటే ఇన్నాళ్ళూ నన్ను బడికి మోసింది సత్తియ్యన్నమాట" అన్నాడు.

ఎల్లారావు ఎవరినీ పంపలేదు. శుక్రవారం మొదటి బస్సుకి తనే విశాఖ వెళ్ళి మౌంటు తెచ్చాడు, పన్నెండేళ్ళు ఆలస్యంగా. శనివారం పొద్దున్న బిగించాడు. ఇంక ముడి మిగిలింది. కట్టినవాడు లేడు. స్టూలు మీద కూర్చుని, పోగుని కిరోసిన్లో నానబెట్టి, మేకు మొనతో కొంచెం కొంచెంగా వదులు చేశాడు. సత్తియ్య ముడులు ఆయన మాటల్లాగే గట్టివి. గంట పట్టింది. మేష్టారు తొందర పెట్టలేదు, పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. దారం తెగకుండా ఊడి వచ్చింది.

మేష్టారు ఫోను తీసి తుక్కు కొనేవాడికి రావద్దని చెప్పాడు. ఎల్లారావు దారం జేబులో వేసుకుని, చెప్పులు విడిచి, సీట్లో కూర్చున్నాడు. బ్రేకు నొక్కి డ్రైవులో పెట్టాడు. ఏసీ వేశాడు.

మొన్నటి దాకా ఆ వణుకులో ముసలాయన ఇంకా తిడుతూనే ఉన్నాడు, అది తనకి ఇవాళ తెలిసింది. ఇప్పుడు పాదాల కింద ఏ చప్పుడూ లేదు, ఏ కదలికా లేదు. ఇన్నేళ్ళకి సత్తియ్య నిజంగా పోయినట్టనిపించింది. కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోబోతే చేతులకి గ్రీజు.

మేష్టారు కిటికీ దగ్గరికి వంగాడు. "ఏమైనా ఉందా ఇంకా?"

"ఏటీ లేదు మేష్టారూ" అన్నాడు ఎల్లారావు. "మరేటీ లేదు."