నా చున్నీకి వెలిసిన అమ్మవారు

ఆ రోజుల్లో చేతుల్లో ఫోన్లు లేక జనం దారి తప్పేవారని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఫోన్ చేతిలో ఉండగానే, బోర్డు చదివి మరీ, సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు అనుకుని జనగామ బస్సెక్కిన మనిషిని నేను. (బోర్డు సరిగానే చదివాను, కాకపోతే అది పక్క బస్సుది.) తూర్పు ఎటు అని అడిగితే మా ఇంటి వాకిట్లో నిలబడి మాత్రమే చెప్పగలను. వాకిలి మారితే దిక్కులూ మారతాయని చాలాకాలం గట్టిగా నమ్మాను. అలాంటి నాకు ఇరవై మూడేళ్లప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు ఆశ్చర్యమేసింది. మా నాన్నకు భయమేసింది.

అప్పటికి నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మా ఊరు కోదాడ దగ్గర. నాన్నకు కాస్త పొలం, ఒక గొర్రెల మంద. గొర్రె తప్పిపోతే వెతికి తోలుకురావచ్చు, పిల్ల హైదరాబాద్‌లో తప్పిపోతే ఎవర్ని అడగాలన్నది ఆయన వాదన. నేను అలిగి అన్నం మానేశాను (మధ్యాహ్నం మిల్లులో తినేదాన్ని, అది ఆయనకు తెలియదు). చివరికి ఆయనే ఒక పరీక్ష పెట్టాడు. మా మిల్లులో పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవారు. ఎక్కడికెళ్లినా గిన్నెల క్యారియర్ మోసుకొస్తారని ఆయన్ను డబ్బా సార్ అనేవాళ్లం. ఆదివారాలు ఆయన మమ్మల్ని పోగేసి గుట్టలూ అడవులూ చెరువుగట్లూ తిప్పేవారు, దానికి ట్రెక్కింగ్ అని పేరు. (నాన్న లెక్కలో అది గొర్రెలు లేని గొర్రెల కాపలా.) వచ్చే ఆదివారం మఠంపల్లి వైపు గుట్టలకు దారి చూపించే వంతు నాది. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. "గా గుట్టకు నన్ను తీస్కపో. ఆగం కాకుండ మళ్ల ఇంటికి తెచ్చినవనుకో, హైదరాబాద్ పంపిస్త. లేకుంటే ఇగ ఆ ముచ్చట ఎత్తొద్దు," అన్నాడు.

నా సంగతి నాకు తెలుసు కాబట్టి వంతు నాదని తెలియగానే, నెల ముందే డబ్బా సార్‌ని బతిమాలి వెంటబెట్టుకుని ఆ దారి ఒకసారి నడిచొచ్చాను. చెరువుకట్ట మీద నుంచి అడవిలోకి, అడవిలో నుంచి కృష్ణానది కనబడే గుట్ట కొసకు, అక్కణ్ణుంచి అవతలి వైపు కిందికి. దారి తిరిగిన ప్రతిచోటా పాత ఎర్ర చున్నీ చింపి ఒక్కో ముక్క చెట్టుకు కట్టాను. అన్నీ వేపచెట్లకే, ఎందుకంటే అనుమానం లేకుండా నేను గుర్తుపట్టగలిగిన చెట్టు అదొక్కటే. చెరువుకట్ట, వేపచెట్టు, ఎర్రగుడ్డ. ఈ మూడూ ఒకచోట చేరితే మా వైపు ఏం జరుగుతుందో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. నాకు మాత్రం తట్టలేదు.

ఆదివారం రానే వచ్చింది. ఇది నాన్న పరీక్ష కాబట్టి మిల్లులో మిగతావాళ్లు రాలేదు, నాన్న, డబ్బా సార్, నేను ముగ్గురమే. మొదటి మలుపు దగ్గర నా చున్నీ ముక్క కనబడగానే ఈ అడవిలోనే పుట్టి పెరిగినదానిలా చెయ్యి చూపించి ముందు నడిచాను. రెండో మలుపు దగ్గర వేపచెట్టుకు ఎర్రగుడ్డ ఉంది, దాని పక్క చెట్టుకూ ఉంది. ఆ తర్వాత ఎటు చూసినా ఎర్రగుడ్డలే. కొన్ని చెట్లకు పసుపు రాశారు, కొన్నిటికి గాజులు తగిలించారు, చెట్ల మొదళ్లలో కొబ్బరిచిప్పలు. నా చున్నీకి జరీ అంచు ఉంటుంది కాబట్టి ఒక్కో చెట్టు దగ్గరికి వెళ్లి గుడ్డ అంచు పట్టుకుని చూడసాగాను. నేను మొక్కుతున్నాననుకుని నాన్న ప్రతిచెట్టు దగ్గరా చెప్పులు విడిచి చేతులు జోడించేవాడు. ఆయన్ను చూసి డబ్బా సార్ క్యారియర్ కింద పెట్టి ఆయనా జోడించేవారు. అలా మొక్కుకుంటూ మొక్కుకుంటూ ఎంతసేపు తిరిగామో తెలియదు. ఈ బండ ఇందాకటిదే కదమ్మా అని డబ్బా సార్ అడిగితే, అలాంటిదే ఇంకోటి సార్ అన్నాను. దారి ఆయనకు తెలుసు కదా అనుకుంటారేమో. ఆయన నోరు విప్పకూడదని నాన్న ముందే మాట తీసుకున్నాడు. (తర్వాత తెలిసిందేమిటంటే, ఆయన కూడా నా గుడ్డలనే నమ్ముకుని వచ్చారు.)

ఎండ దిగుతుండగా మేకలు తోలుకుంటూ ఒక పెద్దమ్మ ఎదురైంది. ఇక పరువు చూసుకుంటే లాభం లేదని పరుగెత్తి ఆమెను దారి అడిగాను, ఈ గుడ్డలేమిటని కూడా అడిగాను. "గీడ మైసమ్మ వెలిసింది బిడ్డా. ఎవలూ కట్టకముందే యాపచెట్టుకు ఎర్రగుడ్డ కనవడ్డదంట. నా మేక తప్పిపోతే మొక్కిన, తెల్లారి దొరికింది," అంది. ఆమె చూపించిన చెట్టుకున్నది జరీ అంచు గుడ్డ. నేను నోరు తెరిచేలోగా నాన్న తన తుండుగుడ్డ కొస చింపి, కళ్లు మూసుకుని, దాని పక్కనే కట్టడం మొదలుపెట్టాడు. నేను చూడలేకపోయాను.

"నాన్నా, గది నా పాత చున్నీ. తొవ్వ గుర్తుకని నేనే కట్టిన."

ఆయన కళ్లు తెరిచి నన్నూ గుడ్డనూ మార్చి మార్చి చూశాడు. "కడితే కట్టినవ్. ఇప్పుడది మొక్కినోళ్లది," అని ముడి బిగించాడు.

గుట్ట కొసా చూడలేదు, కృష్ణా చూడలేదు. పెద్దమ్మే మేకలతోపాటు మమ్మల్నీ తోలుకెళ్లి సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద వదిలింది. కోదాడ బస్సు ఎక్కాక (ఈసారి బోర్డు నాన్న చదివాడు) నేను కిటికీ వైపు తిరిగి చప్పుడు కాకుండా ఏడ్చాను. పరీక్ష పోయింది, ఉద్యోగం పోయింది. హుజూర్‌నగర్ దాటాక నాన్న, ఆ కొలువులో ఎప్పుడు చేరాలని అడిగాడు. నాకేమీ అర్థం కాలేదు. తప్పిపోయాం కదా అన్నాను. అవును, తప్పిపోయాం అన్నాడు. నాకింకా తికమకగా ఉండి, చెట్టు దగ్గర ఏం మొక్కావని అడిగాను.

"నీకు గా కొలువు వద్దని మొక్కిన."

"మరి పంపిస్తనంటున్నవ్?"

"ముందుగాల గుడ్డ కట్టింది నువ్వాయె బిడ్డా. నీ మొక్కు దాటి నా మొక్కు మైసమ్మ ఏడ వింటది?"

నేను మొక్కనేలేదని, అది దారి గుర్తేనని చెప్పవచ్చు. ప్రతిమాటకూ ఎదురు చెప్పే అలవాటున్న నేను ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు. ఆయన భుజం మీద కొస చిరిగిన తుండుగుడ్డ చూసి మళ్లీ ఏడుపొచ్చింది. వెళ్తున్నందుకా, వెళ్లనిచ్చినందుకా అన్నది ఆ బస్సులో కూర్చున్న పిల్లకు తేలలేదు. ఇన్నేళ్లు హైదరాబాద్‌లో ఉన్న నాకూ ఇంకా తేలలేదు. ఆ పిల్లను తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కళ్లు తుడుచుకుంటూనే.