మంచు దులిపే కర్ర

అక్టోబరు మూడో సోమవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. గోడ గడియారం చూసి కాదు, చేతి గడియారం చూసి చెబుతున్నాను.

భద్రాచలం దారిలో, అడవి అంచున, ఒక కంపెనీ కాలనీకి తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఉంది. ఒక్కో గుంత చుట్టూ చాపలా నున్నగా కోసి ఉంచే గడ్డిని గ్రీన్ అంటారు. ఆ తొమ్మిదింటినీ పందొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. చలి మొదలైతే అక్కడ మంచు దండిగా పడుతుంది. అది గడ్డి మీద నిలిస్తే బూజు పట్టి, రూపాయి బిళ్లంత తెల్ల మచ్చలు లేస్తాయి. అందుకే పొద్దు పొడవకముందే పన్నెండడుగుల సన్నటి వెదురుతో మంచు దులిపేవాళ్లం. గ్రీన్‌కు నలభై ఊపులు.

చేరి మూడు రోజులైన సూపర్‌వైజర్ ఆ పొద్దున నా దగ్గర ఆగాడు.

"ఏంది పెద్దమ్మా, గడ్డిని కొడ్తున్నవ్?"

"కొడ్తలేను సారూ. మంచు దులుపుతున్న."

"ఎండొస్తే అదే ఆరుతది. మచ్చలొస్తే మందు కొడ్తం. కర్ర పట్టినోళ్లకు రేపటి సంది హాజరు లేదు."

నా కర్ర తీసుకుని జీపులో వేసుకున్నాడు. మిషనుతో గడ్డి కోసే ఆమె నా చెవిలో అంది: "అత్తా, ఎండకు గూడ చెప్పమను, డ్యూటీకి జల్దీ రమ్మని."

నవ్వింది గానీ మర్నాడు ఆమె కర్ర పట్టలేదు, మిగతావాళ్లూ పట్టలేదు. ఇల్లు గడవాలి, వాళ్లను తప్పుపట్టను. నేను మాత్రం ఇంకో వెదురు కోసుకుని తొమ్మిదో గ్రీన్‌కు వెళ్లాను. టేకు చెట్ల నీడలో ఉంటుంది, మంచు ఎనిమిదిన్నర దాకా ఆరదు. ఒక్కదాన్ని అన్నిటికీ చాలను. ముందు చచ్చేది అదే కాబట్టి దాన్నే పట్టుకున్నాను.

"ఆబ్సెంట్ రాస్తున్న పెద్దమ్మా."

"రాయుర్రి సారూ. ఐదున్నరకు వచ్చిన్నని, నలభై ఊపులు ఊపిన్నని గూడ రాయుర్రి."

రోజూ రాశాడు. రోజూ ఊపాను. తొమ్మిదో రోజు మూడో గ్రీన్ మీద ఏడు మచ్చలు లెక్కపెట్టి చెప్పాను. మందు కొట్టించాడు. ఆ సాయంత్రమే వాన పడి మందు కొట్టుకుపోయింది. మచ్చలు ఒకదానికొకటి కలిసి పళ్లేలంత అయ్యాయి.

ఇరవై ఏడో రోజు అతనే తొమ్మిదో గ్రీన్ మీద మోకాళ్ల మీద కూర్చుని మచ్చ కోసం వెతికాడు. దొరకలేదు.

"దీనికేం మందు కొట్టినవ్?"

"మీరు జీపులేసుకపోయిందే సారూ."

లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "రేపటి సంది అందరు కర్రలు పట్టుర్రి. నీ పాత హాజరు మాత్రం నేను దిద్దలేను" అన్నాడు.

"దిద్దమని నేను అడగలే."

మచ్చలు పడిన గ్రీన్లు ఎనిమిది. అందులో గడ్డి పీకేసి మళ్లీ నాటినవి మూడు. నాకు పోయిన హాజరు ఇరవై ఆరు రోజులు. వెదురు కర్ర ఒకటి, తిరిగి ఇవ్వలేదు.