తిరగేసిన ఫొటో

కెమెరా పట్టక ముందు పొకువా పదకొండేళ్లు సంతలో బట్టలమ్మింది. ఏ గుడ్డ ఎవరి భుజం మీద ఎలా నిలుస్తుందో చూసి చూసి ఆమె కన్ను తయారైంది. తర్వాత ఎవరో వాడి వదిలేసిన కెమెరా కొనుక్కుని చావు కార్యాలకు ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. నేర్పినవాళ్లు లేరు. నల్లబట్టల మధ్య నల్లటి మొహం వెలగాలంటే ఎంత వెలుతురు కావాలో తీసి, పాడుచేసి, మళ్లీ తీసి తెలుసుకుంది. తన ఊరు అసుయెబోవా చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లలో ఎవరు పోయినా కబురు ముందు బంధువులకు, ఆ వెంటనే పొకువాకు వెళ్లేది.

అలాంటి మనిషిని దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాయన ప్రచారానికి తీసుకున్నారు. నలభై రోజులుగా ఆమె పికప్ బండి వెనక నడుముకు తాడు కట్టుకుని, వెనక వచ్చే అభ్యర్థి వైపు తిరిగి నిలబడి ప్రయాణం చేస్తోంది. ఎర్రదుమ్ము పళ్ల మధ్య కరకరలాడేది.

"అక్కా, గుంట! కూర్చో!" అని డ్రైవర్ ఇద్రిసు అరిచేవాడు.

"నువ్వు గుంట తప్పించు. నేను కూర్చుంటే ఫొటో నువ్వు తీస్తావా?"

ప్రచారం అసుయెబోవాకు వచ్చిన రోజున రాజమాత నానా టాచివా వాకిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. నానా అంటే అక్కడ పెద్దలను పిలిచే మర్యాద మాట. పదవి కోరి వచ్చినవాడికి ఆ వాకిట్లో కోడిగుడ్డు ఇస్తారు. పగలకుండా ఎలా పట్టుకుంటాడో ఊరంతా చూస్తుంది. ఎనభై నాలుగేళ్ల నానా కుడి చెయ్యి చాపి గుడ్డు ఇచ్చింది. అభ్యర్థి కుడి చేతిలో మైకు ఉంది. ఆయన దాన్ని వదల్లేదు. ఎడమ చెయ్యి చాపి గుడ్డు అందుకుని ఏదో చమత్కారం విసిరాడు. అందరూ ఘొల్లున నవ్వారు. పొకువా మీట నొక్కిన క్షణంలోనే ఆ చెయ్యి చూసింది. పెద్దలిచ్చింది ఎడమ చేత్తో అందుకోవడం ఆ ఊళ్లో అవమానం.

ఫొటో మాత్రం ఆమె తీసినవాటన్నిటిలోకీ గొప్పగా వచ్చింది.

మధ్యాహ్నం ప్రచార విభాగం అధిపతి బోవాహెన్ దాన్ని కంప్యూటర్లో చూసి బల్ల చరిచాడు. "ఇదే! ఇదే ప్రచార బోర్డుకెక్కాలి!"

"ఎక్కకూడదు సార్. ఎడమ చెయ్యి చూడండి."

"చూశాను. అద్దంలో కనిపించినట్టు అటుదిటు తిప్పేస్తే కుడి చెయ్యి అయిపోదూ? ఆయన వేసుకున్న చొక్కా ఎటు తిప్పినా ఒక్కలాగే ఉంటుంది."

"ఆయన ఒక్కడే తిరగడు కదా సార్! నానా ఎడమ చేత్తో ఇచ్చినట్టు అవుతుంది. పక్కనున్న అజెమాన్ పెద్దాయన బట్ట ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి వస్తుంది. మా ఊళ్లో బట్ట అలా ఎవరూ కట్టరు."

"అభ్యర్థి మొహం వదిలేసి ముసలాయన భుజం ఎవడు చూస్తాడమ్మా?"

"అందరూ చూస్తారు."

"నీ పని మీట నొక్కడం. ఆలోచించడానికి నేనున్నాను."

"అయితే ఫొటో కింద నా పేరు తీసేయండి."

బోవాహెన్ నవ్వాడు. "నీ పేరు కోసమే కదా నిన్ను పెట్టుకున్నది! మీ ఊరి ఆడకూతురు తీసిన ఫొటో అంటే మీ ఊరి ఓట్లు ఎక్కడికి పోతాయి?"

పొకువాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా వెళ్లి బండెక్కి నడుముకు తాడు కట్టుకుంది.

నాలుగు రోజులకు, ప్రచారం ఉత్తరాన ఎక్కడో ఉండగా, అసుయెబోవా కూడలిలో పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్దలు, వేయించిన చేపలు అమ్మే డుఫీ పిన్ని ఫోన్ చేసింది.

"ఏమే పొకువా, నానా కుడిచేతికి పక్షవాతం వచ్చిందా?"

"ఏంటి పిన్నీ?"

"నా బండి ఎదురుగా ఇంటెత్తు బోర్డు పెట్టారు. ఆవిడ ఎడమ చేత్తో ఇస్తోంది. ఆ పెద్దమనిషి మహారాజులా కుడి చేత్తో పుచ్చుకుంటున్నాడు. కింద నీ పేరు. పొద్దుట్నుంచి ఒక్కరూ నా చేప తినలేదు, అందరూ ఆ బోర్డే తింటున్నారు." గొంతు తగ్గించింది. "శనివారం మా మరిది కార్యానికి నువ్వు రాకు. వేరేవాణ్ని పిలిచాం. ఇంట్లోవాళ్లు నీ కెమెరా వద్దంటున్నారు."

పొకువా బండి ఆపించి నడుముకున్న తాడు విప్పింది.

"పని మధ్యలో వదిలేస్తావా అక్కా?" అన్నాడు ఇద్రిసు.

"నా పనిని వాళ్లు కూడలిలో పెట్టి ఉమ్మేయించారు. నేను తుడుచుకోవడానికి వెళుతున్నా."

మర్నాడు ఉదయం అసలు ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించుకుని, మర్యాద ప్రకారం ఒక సారా సీసాతో రాజమాత వాకిటికి వెళ్లింది. చెప్పులు బయట విడిచింది. రాజమాతతో ఎవరూ నేరుగా మాట్లాడరు. పక్కన కర్ర పట్టుకుని కూర్చునే అజెమాన్ ద్వారానే మాట వెళ్లాలి, రావాలి. ఆయన పొకువా వైపు చూడలేదు. ఎడమ భుజం మీది బట్టను మాత్రం ఒకసారి గట్టిగా సర్దుకున్నాడు.

ఆమె ఫొటో అందించింది. రాజమాత దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అజెమాన్, ఆ పిల్లతో చెప్పు. నేను గుడ్డు వైపే చూస్తున్నాను. వాడి చెయ్యి చూడలేదు."

"విన్నావుగా," అన్నాడాయన. "అయినా చెబుతున్నాను. నానా చూడలేదట. వాడు చేసిన తప్పు వాడి చేతిలోంచి తీసి మా నానా చేతిలో పెట్టారన్నమాట. మరి నువ్వు? తిప్పుతారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు, నానా."

"తెలిసి నాలుగు రోజులు ఎక్కడున్నావు?"

దారంతా అనుకుంటూ వచ్చిన జవాబులేవీ పనికిరాలేదు. "బండి మీదే ఉన్నాను. ఇంకా ఇరవై రోజుల పని ఉందని నోరు మూసుకున్నాను."

బోవాహెన్ మీద ఎంత కోపం ఉందో తన మీదా అంతే ఉందని పైకి అన్నాక గాని ఆమెకు తెలియలేదు.

ఆ ఫొటోను రాజమాత తన ఇంటి బయటి గోడకు తగిలించమంది. సాయంత్రానికి ఊరంతా వచ్చి చూసింది. మూడో రోజుకు బోర్డు దిగిపోయింది. ఆ పొద్దున్నే బోవాహెన్ క్షమాపణకని రెండు సీసాలు, ఒక గొర్రెతో వచ్చాడు. గొర్రె ముందుకు రానని మొండికేస్తే నలుగురు నవ్వారు. అతను మర్యాద కోసం బట్టను భుజం మీంచి నడుము దాకా దించుకుని, వాకిట్లో నిలబడ్డ పొకువా చేతిలో కెమెరా చూసి ఆగిపోయాడు.

"ఫొటోలు వద్దు నానా. ఇది మన లోపలి విషయం."

రాజమాత ఏదో అంది. అజెమాన్ గొంతు పెంచాడు. "బోర్డు బయటా, క్షమాపణ లోపలా? పొకువా, తియ్యి!"

పొకువా రెండడుగులు పక్కకు జరిగింది. బోవాహెన్ వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన ఊరి పేరు అతని వీపుకు ఆనుకుని వచ్చే చోట ఆగింది.

"అక్కడికెందుకు?" అన్నాడు అజెమాన్.

"ఈసారి తిప్పితే ఊరి పేరే అద్దంలోలా తిరగబడుతుంది. చదువు రానివాడికి కూడా తెలుస్తుంది."

బోవాహెన్ రెండు చేతులతో సీసా చాపాడు. అతను తలెత్తేదాకా ఆగి ఆమె మీట నొక్కింది. కోపం మాత్రం తగ్గలేదు.

బయటికి వస్తుంటే డుఫీ పిన్ని కంచె దగ్గర కాచుకుని ఉంది. "శనివారం ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి."

"వేరేవాణ్ని పిలిచారుగా?"

"వాడూ వస్తాడు. నువ్వూ రా. ఇద్దరూ తీస్తే మాకు పోయేదేముంది?"

"నాకు పోతుంది. ముందు వాణ్ని వద్దని చెప్పు, తర్వాత నన్ను పిలు."

"అబ్బో, ఎంత పొగరే నీకు!"

పొకువా కంచెకు ఆనుకుని కెమెరా తుడుచుకోసాగింది. పిన్ని గొణుక్కుంటూ, చేతికంటిన చేపనూనె బట్టకు తుడుచుకుని, ఫోన్ తీసింది.