బ్యాంకాక్‌లో గిల్లిన కొమ్మ

విదేశంలో కాలుపెట్టిన పూటే దొంగతనం చేసి, సాయంత్రానికల్లా పట్టుబడ్డ ఘనత మా కడియం మొత్తంలో నాకొక్కడికే దక్కింది. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లున్నారు, సూట్‌కేసు మారిపోయినవాళ్లున్నారు. దొంగైంది మాత్రం నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

రెండువేల మూడో సంవత్సరం మాట. నాకు ఇరవయ్యారేళ్లు. ఊరంతా మొక్కల నర్సరీలే ఉన్న మా కడియంలో, పెదనాన్నగారి నర్సరీలో పనిచేస్తున్నాను. బ్యాంకాక్‌లో మాలీ గారని ఒకావిడ ఉన్నారు. కొత్త రకాల మొక్కలు తయారు చేయడంలో అందెవేసిన చెయ్యి. మన వైపు ఒక్క నర్సరీకే తన మొక్కలు ఇస్తానన్నారు. ఆ ఒక్కటీ మాదే కావాలని పెదనాన్న పట్టుదల. మోకాళ్ల నొప్పితో తాను వెళ్లలేక నన్ను పంపారు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదురా. మాటలన్నీ మూర్తిగారు చూసుకుంటారు. నువ్వు నర్సరీవాడిలా కనబడు, చాలు" అన్నారు. ఆ ఒక్క పనీ మరీ బాగా చేశాను లెండి.

మూర్తిగారిది అమలాపురం. పెదనాన్నకి స్నేహితులు, ఇరవయ్యేళ్లుగా బ్యాంకాక్‌లోనే ఉంటున్నారు. రాజమండ్రిలో రైలెక్కి, చెన్నైలో విమానమెక్కి, మధ్యలో కొలంబోలో తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని నేను బ్యాంకాక్‌లో దిగేసరికి, ఆయన ఎయిర్‌పోర్టుకి వచ్చి నన్ను హోటల్లో దింపారు.

"నాలుగింటికి మాలీ గారు ఇక్కడికే వస్తారు. అందాకా పడుకోండి బాబూ. ఎక్కడికీ వెళ్లకండి."

"అలాగేనండి" అన్నాను. పడుకుని ఉంటే ఈ కథే లేదు.

కిటికీలోంచి చూస్తే హోటల్ తోటలో ఒక క్రోటన్ మొక్క కనిపించింది. ఆకులన్నీ కుంకుమ రంగు, మధ్యలో పసుపు ఈనె. అలాంటిది నా జన్మలో చూడలేదు. కొత్త మొక్క కనబడితే కడియం వాడి చెయ్యి ఊరుకోదండి. పెళ్లికి వెళ్లినా పరామర్శకి వెళ్లినా, ఆ పెరట్లో కొత్త రకముంటే చిన్న కొమ్మ గిల్లి తెచ్చుకుంటాం. అడిగి తీసుకోవడం మాకు నామోషీ. పెళ్లిచూపులనాడు పెద్దమ్మ వాళ్ల పెరట్లో పెదనాన్న మందార కొమ్మ గిల్లారట. "నన్ను చూశారో లేదో గానీ, మా మందారాన్ని మాత్రం బాగా చూశారు" అని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

కిందికి దిగాను. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, జానెడు కొమ్మ గిల్లాను. తడి రుమాలు చుట్టి చొక్కా లోపల దోపుకుని గదికొచ్చాను. కాసేపు నడుం వాలుద్దామని మంచమెక్కానంతే, ఒళ్లు తెలియలేదు.

ఫోన్ మోగింది. "మాలీ గారు వచ్చేశారు, త్వరగా దిగండి" అన్నారు మూర్తిగారు. కొమ్మ సంగతే మరిచిపోయి, మొహం కడుక్కుని పరుగెత్తాను.

మాలీ గారికి అరవయ్యేళ్లుంటాయి. ఆవిడ మాటలు మూర్తిగారు తెలుగులో చెబుతున్నారు. అంతా సవ్యంగానే సాగుతోంది. ఇంతలో ఆవిడ చూపు నా తెల్లచొక్కా మీద ఆగింది. క్రోటన్ పాలు గుడ్డకి అంటితే తుప్పులా మరక పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఖర్మ కొద్దీ ఆవిడకీ తెలుసు.

"ఏంటండి ఆ మరక?" అన్నారు మూర్తిగారు.

"కాఫీ అండి."

"మనమింకా కాఫీ తాగలేదు కదా బాబూ."

"విమానంలో తాగిందండి."

"పొద్దున్న లేదే?"

మాట మార్చడానికి లేచి, మాలీ గారికి వంగి నమస్కారం పెట్టాను. కాలర్‌లోంచి కుంకుమ రంగు ఆకు బయటికొచ్చింది.

మూర్తిగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఇదేం పనండి బాబూ. ఈ హోటల్ తోట వేసిందే ఆవిడ."

నన్ను నమ్మి పంపిన పెదనాన్నకి ఏ మొహం పెట్టుకుని కనబడాలో తెలియలేదు. కొమ్మ తీసి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ కొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను చూసి, పెద్దగా నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు ఏదో చెప్పారు. మూర్తిగారి మొహం రకరకాలుగా మారింది.

"నాలుగేళ్ల కిందట ఆవిడ కడియం వచ్చారట. ఓ నర్సరీ గేటు పక్కన, మామిడిచెట్టు నీడలో ఆకుపచ్చ క్రోటన్ చూసి, కొమ్మ గిల్లి గొడుగులో దాచి తెచ్చుకున్నారట. ఇక్కడ ఎండలో పెడితే ఈ రంగు తిరిగిందట."

"ఏ నర్సరీ అండి?"

"పేరు గుర్తులేదట. గేటు మీద రెండు సిమెంటు హంసలున్నాయట."

సిమెంటు హంసలున్న గేటు కడియంలో ఒక్కటే ఉంది. అది మాదే. ఆ మొక్క పక్కనే రోజూ నా బండి ఆపేవాణ్ణి.

"మీరూ తనూ ఒకే బాపతట, మొక్కలు మీకే ఇస్తానంటున్నారు" అన్నారు మూర్తిగారు. అప్పటికప్పుడే పెదనాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా దాచకుండా చెప్పాను.

"మన గేటు దగ్గర కొమ్మ గిల్లడానికి బ్యాంకాక్ దాకా వెళ్లావురా?" అన్నారు. ఆ వెంటనే, "సరేగానీ, ఆవిణ్ణడిగి ఆ కొమ్మ తెచ్చెయ్" అన్నారు.

ఆ రోజు పెట్టుకున్న ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు. ముందు మా గేటు దగ్గర వెతికి చూడకుండా, ఏ దేశంలోనూ, ఎవరి తోటలోనూ కొమ్మ గిల్లను.