క్వారంటైన్‌లో కన్నుమూసిన స్విస్ వాచీ

తెలివితక్కువై మోసపోయినవాళ్ల కథలు మీరు బోలెడు విని ఉంటారు. తెలివి ఎక్కువై, మోసమే లేని చోట మోసపోయి, ఒక పెద్దమనిషిని ఊరందరి ముందు దొంగను చేసిన ఘనుణ్ణి మాత్రం ఇదిగో, ఇప్పుడే చూస్తున్నారు.

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజులు. సూరత్ రైల్వేలో పనిచేసే మా నాన్నగారు రిటైరవుతున్నారు. సభ లేదు, శాలువా లేదు. కనీసం ఆయన చేతికి ఒక స్విస్ వాచీ అయినా పెట్టాలని నా పంతం. కొత్తది కొనాలంటే నేను రెండేళ్లు పస్తుండాలి. అందుకని ఆన్‌లైన్‌లో పాతది వెతికాను. మా ఊళ్లోనే సలాబత్‌పురా పేటలో మల్లేశంగారని ఒక మగ్గాల మేస్త్రీ తన వాచీ అమ్మకానికి పెట్టారు.

'నకిలీ వాచీని పట్టుకోవడం ఎలా' అని చెప్పే వీడియోలు ఏడు చూశాను. ఎనిమిదోది 'వాచీ వాడటం ఎలా'. అది కొన్నాక చూద్దాంలే అనుకున్నాను.

"ఇవాళ్టి పేపరు పక్కన పెట్టి వాచీ ఫొటో పంపండి" అన్నాను ఫోన్లో.

"ఏంది బిడ్డా, దాన్ని ఎవరన్న ఎత్తుకపోయిండ్రా?" అన్నారాయన. అయినా పాపం పంపారు.

పట్టపగలు, జనం తిరిగే చోట, ఒక బ్యాంకు మెట్ల మీద కలిశాం. భూతద్దం పెట్టి వాచీ వెనక నంబరూ, బిల్లు మీద నంబరూ అంకె అంకె పోల్చాను. ఆధార్ చూశాను. మాస్కు తీయించి ఫొటో కూడా తీశాను.

"పెండ్లిచూపులల్ల గూడ నన్ను గింతగనం చూడలే" అని నవ్వి, "జర విను, దీన్ని రోజు..." అని ఏదో చెప్పబోయారు.

"నాకన్నీ తెలుసండీ!" అని డబ్బు ఆయన చేతిలో పెట్టి, వాచీ తీసుకుని వచ్చేశాను.

ఇంటికి రాగానే శానిటైజర్‌తో తుడిచి, కవర్లో చుట్టి, పాల ప్యాకెట్లకు కూడా దక్కని మర్యాదతో వాచీని మూడు రోజులు బాల్కనీలో క్వారంటైన్ చేశాను. రిటైర్మెంటు రోజు పొద్దున్నే విప్పి చూస్తే వాచీ ఆగిపోయి ఉంది. నా గుండె కూడా కాసేపు దానికి తోడుగా ఆగింది.

వెంటనే సూరత్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మల్లేశంగారి ఫొటో పెట్టి, 'ఈ మోసగాడితో జాగ్రత్త' అని రాసి, సలాబత్‌పురాకు పరుగెత్తాను. ఆయన గడపలోనే కూర్చుని ఉన్నారు.

"గ్రూపుల నా ఫొటో పెట్టింది నువ్వే గదా? మంచిగ పడ్డది. మా ఆమె దాచుకుంది."

"నా డబ్బు నాకిచ్చేయండి! బ్యాటరీ చచ్చిన వాచీ అంటగడతారా?"

"దీనికి బ్యాటరీ ఏడిది? గిది ఆటోమేటిక్. చెయ్యి కదిల్తేనే నడుస్తది. మూడు దినాలు ఏడ వెట్టినవ్?"

"బాల్కనీలో... క్వారంటైన్‌లో."

ఆయన నన్ను వాచీకన్నా జాలిగా చూశారు. దాన్ని చేతికి పెట్టుకుని నాలుగుసార్లు ఊపారు. ముల్లు చెంగున కదిలింది.

"మగ్గాలు బంద్ పడ్డంక ఇంట్లనే కూసుంటున్న. నా చెయ్యి కదల్తలేదు, ఇది నడుస్తలేదు. చూస్తే మనసున పడ్తలేదు. గందుకే అమ్మిన." లోపలికి వెళ్లి డబ్బు తెచ్చి నా ముందు పెట్టారు. "తీస్కో. నీ పోస్టు చూసి నన్నెరిగినోళ్లు ఇద్దరు ఫోన్ జేసిండ్రు, వాపస్ వస్తే మాకే ఇయ్యమని. నీకన్న జాస్తి ఇస్తరంట."

సాయంత్రం ఐదింటికి నాన్నగారి ఆఖరి డ్యూటీ ముగుస్తుంది.

"వద్దండీ! ఆ వాచీ నాకే కావాలి!"

"నకిలీదంటివి గదా?"

"నకిలీ నా తెలివండీ! మా నాన్నగారికి ఇవ్వాలి, ఈ సాయంత్రమే!"

ఆ మాటతో ఆయన మెత్తబడ్డారు. "ముందుగాల గ్రూపుల తప్పయిందని రాయి. రాసినంక గీడ్నే నిలబడి చెయ్యి ఊపు. ఇంటికి పోయెదాక ఆగొద్దు."

రాశాను. తర్వాత వాచీ పెట్టుకుని నడివీధిలో చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. వరసగా మూడు ఆటోలు వచ్చి ఆగాయి. మూడోవాడికి కోపమొచ్చి, ఎక్కుతావా లేదా అని కసిరాడు. "బైఠనా హై కి నహీఁ?" అంటే, "ఏక్ మినిట్, వాచీ భర్తా హూఁ" అన్నాను. వాచీకి కీ ఇస్తున్నానని నాకొచ్చిన హిందీలో చెప్పడం అది; అతను నా వైపు భయంగా చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం నాన్నగారు వాచీ పెట్టుకుని కథంతా విన్నారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "బాగుందిరా. కానీ రేపట్నుంచి నేను మధ్యాహ్నాలు పడుకుంటాను కదా, అప్పుడు ఇది నువ్వు పెట్టుకుని తిరుగు" అన్నారు.

కాబట్టి పాఠకదేవుళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఎదుటి మనిషి మాట పూర్తిగా వినకుండా అన్నీ తెలుసనను, ఎనిమిదో వీడియో చూడకుండా ఏదీ కొనను. ఇది కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచెయ్యి ఊపుతున్నాను, నాన్నగారు నిద్రపోతున్నారు.