మందు బిళ్లకి బేరమాడే నాసిర్ గారు

నాసిర్ గారు మందు బిళ్లకి కూడా బేరమాడతారు. మామూలు బేరం కాదు, పక్క వీధికి వినపడే బేరం. ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు లారీ స్పేర్ పార్టులు అమ్మిన గొంతు అది. షాపు కొడుక్కి అప్పగించారు గాని, గొంతు తన దగ్గరే ఉంచుకున్నారు.

పటమటలో ఒక క్లినిక్ పక్కన నాది మందుల షాపు. నాసిర్ గారు రోజూ పదింటికల్లా వచ్చి కౌంటర్ ముందు కూర్చుంటారు.

“ఏమ్మా రామతులసీ, ఈ బీపీ బిళ్ల మళ్లీ పెరిగిందా?”

“పెరిగిందండీ.”

“సైజు పెరిగిందా?”

“లేదండీ, రేటే.”

“బిళ్ల పెరక్కుండా రేటెలా పెరిగిందమ్మా?”

ఒకసారి క్లినిక్‌లోకి వెళ్లి డాక్టర్ హన్నా గారినే అడిగేశారు. “అదే సరుకు మామూలు పెట్టెలో దొరకదా డాక్టరమ్మా?”

“ఇది గుండె నాసిర్ గారూ, గేర్‌బాక్స్ కాదు.”

“గేర్‌బాక్స్ అయితే విప్పకముందే ధర చెబుతామండీ!”

డాక్టరమ్మ నవ్వేశారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఈయన గోలకి నా గిరాకీ పోతుందని భయం.

మొన్న వేసవిలో పెడన నుంచి వెంకటరావమ్మ గారు వచ్చారు. మగ్గం నేస్తారు. షుగరు ఉంది. చీటీలో నెలకి సరిపడా రాసి ఉంటే, పదిహేను బిళ్లలు చాలన్నారు మెల్లగా. నేను కత్తెర తీశాను.

“ఆగమ్మా!” నాసిర్ గారి కేక. “నాదీ అదే బిళ్ల. ఈ రేటు నావల్ల కాదు. రోజు మార్చి రోజు మింగుతున్నా!”

వెంకటరావమ్మ గారు ఆయన వంక చూశారు. “మీరూ అంతేనా అన్నయ్య గారూ? నేనూ అంతేనండి. కళ్లు మసకేస్తున్నాయి, పోగు అతకట్లేదు. ఇంట్లో చెప్పలేదు.”

“పద చెల్లెమ్మా” అంటూ ఆవిణ్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. పావుగంటలో కొత్త చీటీ వచ్చింది. అదే మందు, జనరిక్‌ది. ధర మూడో వంతు. ఆవిడ నెలకి సరిపడా తీసుకుని వెళ్లారు.

“మీ చీటీ కూడా ఇవ్వండి, మార్పిద్దాం” అన్నాను.

“నాకెందుకమ్మా? నాకు షుగరూ లేదు, బీపీ కూడా లేదు. ఇన్నాళ్లూ రేట్లడగడమే గాని, ఒక్క బిళ్లయినా కొన్నానా?”

“మరి ఇందాక…?”

“కొనలేనని చెప్పడానికి మనిషికి సిగ్గమ్మా. ముందు ఒకడు అనేస్తే రెండోవాళ్లకి నోరొస్తుంది.”

ఆ రోజు నుంచి, చీటీలో రాసినదానికంటే తక్కువ అడిగినవాళ్లని నేనే ఆపుతున్నాను. “చవకది ఉందేమో డాక్టరమ్మని అడుగుదామా?” అంటాను. నాసిర్ గారికి అదీ చాలదు.

“కాస్త గట్టిగా అనమ్మా, వెనకున్నవాళ్లకి వినపడాలి.”